పులుపు మారితే కాలం మారినట్టే



2023 జూలైలో టమాటా తెలుగిళ్లను ఏడిపించింది. టమాటాకు పుట్టిల్లు లాంటి మదనపల్లె మార్కెట్టులోనే ధర మండిపోయింది. హైదరాబాదు, విజయవాడ బజార్లలో కిలో 150 రూపాయలు దాటింది, కొన్నిచోట్ల 200 దాకా పోయింది. పప్పులోకి టమాటా, చారులోకి టమాటా, ఇడ్లీలోకి టమాటా పచ్చడి, కోడికూరలోకి టమాటా. ఇలా అలవాటుపడ్డ చేతులకు ఒక్కసారిగా ఏమీ తోచలేదు. "ఇవాళ పప్పులో ఏం వెయ్యను?" అన్నదే ఆ నెల ఇంటింటి ప్రశ్న.

తమాషా ఏమిటంటే, అవే రోజుల్లో, అదే బజారులో, కూరగాయల కొట్ల వరస దాటాక గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాళ్ల దగ్గర గులాబీ రంగు, తెలుపు కలగలిసిన చిట్టి కాయలు కుప్పలు పోసి ఉన్నాయి. వాటిని వాక్కాయలంటారు. కొన్ని ఊళ్లలో కలివికాయలంటారు. ముళ్లపొదకు వానాకాలంలో కాసే కాయ. చేల గట్ల మీద, గుట్టల పక్కన దానంతటదే పెరుగుతుంది. పులుపులో మాత్రం టమాటా కంటే నాలుగాకులు ఎక్కువే చదువుకుంది. అయినా చాలామంది చూసీ చూడనట్టు ముందుకెళ్లిపోయారు. కారణం ధర కాదు, ఎలా వండాలో తెలియకపోవడం.

తెలుగు భోజనంలో కారానికి పేరెక్కువ గానీ పెద్దపీట పులుపుదే. పప్పు, పులుసు, చారు, పచ్చడి, పులిహోర, అన్నీ పులుపు మీద నిలబడ్డవే. ఆఖర్న వచ్చే మజ్జిగా అంతే. అయితే ఈ పులుపు ఏడాది పొడుగునా ఒకే చెట్టునుంచి దిగేది కాదు. ఉగాదికి మామిడి, తొలకరి నాటికి చింతచిగురు, శ్రావణ భాద్రపదాల్లో వాక్కాయ, వానలకు విరగబడి పెరిగే గోంగూర, కార్తీకంలో ఉసిరి, చలి ముదిరాక పచ్చి చింతకాయ, దబ్బకాయ, రేగిపండు, శివరాత్రి వెళ్లాక కొత్త చింతపండు, మళ్లీ మామిడి. కంచంలో ఏ పులుపుందో చూసి నెల చెప్పేయవచ్చు.

టమాటా వచ్చి ఈ వరసను చెరిపేసింది. అమెరికా ఖండంలో పుట్టి, యూరపు వాళ్ల ఓడలెక్కి ఈ దేశం చేరిన పండది. పాత నిఘంటువుల్లో రామములగ అనే పేరుతో కనిపిస్తుంది. ఇప్పటికీ చాలా ఇళ్లలో తద్దినం వంటకు టమాటా, క్యాబేజీ లాంటివి ముట్టరు. అవి పరదేశం నుంచి వచ్చినవని ఆ వంటకు ఇంకా గుర్తుంది. పోనీ, టమాటా మంచితనాన్ని కాదనలేం. గింజ తీసే పని లేదు, ఈనెలు ఏరే పని లేదు, మూకుట్లో వేస్తే తనే కరిగిపోతుంది. బద్ధకానికి అంతకంటే మంచి నేస్తం దొరకదు.

ఇక కొత్త వంటల సంగతి. కొత్త వంట అనగానే ఫోనులో వెదకడం, ఊళ్లో దొరకని సరుకుల జాబితా రాసుకోవడం ఇప్పటి అలవాటు. తెప్పించిన సీసాల్లోంచి ఒక్క చెంచా వాడి, మిగిలింది అలమర వెనక్కి నెట్టేయడం దాని కొనసాగింపు. ఇంతకంటే తేలికైన దారి ఒకటుంది. చెయ్యి తిరిగిన వంట ఒకటి తీసుకుని, అందులో పులుపు ఒక్కటీ కాలాన్ని బట్టి మార్చి చూడడం. దానికి పులిహోరను మించిన ప్రయోగశాల లేదు.

పులిహోరలో పోపు మారదు. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు, అంతే. పసుపు కలిపి పొడిపొడిగా ఆరబెట్టిన అన్నమూ మారదు. మారేది పులుపొక్కటే గానీ, దానితోపాటు చేసే పద్ధతంతా మారిపోతుంది. చింతపండు గుజ్జును నూనె తేలేదాకా ఉడికించాలి, పచ్చివాసన మిగిలిందా, పులిహోర చెడినట్టే. నిమ్మరసం సంగతి దీనికి పూర్తిగా ఎదురు. దానికి మంట తగలకూడదు, పొయ్యి మీదుండగా పోస్తే చేదెక్కుతుంది. దించి, కాస్త చల్లారాక పిండుకోవాలి. దబ్బకాయదీ అదే దారి, పైగా పిండేటప్పుడు తొక్కను మరీ నలిపితే అందులోని చేదు రసంలోకి దిగుతుంది. మామిడి తురుములో సగం పోపులో ఒక్క నిమిషం మగ్గనిచ్చి, సగం పచ్చిగానే కలిపితే ఒకే ముద్దలో రెండు రుచులు తగులుతాయి. ఉసిరికి పులుపుతోపాటు వగరుంది. తురిమి నూనెలో మగ్గిస్తే వగరు తగ్గుతుంది, ఉప్పు మాత్రం కాస్త ఎక్కువే అడుగుతుంది. వాక్కాయను గింజ తీసి కచ్చాపచ్చాగా దంచి వేయించాలి. గోంగూర ఆకు నూనెలో మగ్గి మగ్గి ముద్దయిపోవాలి. ఒక్క పులిహోర పేరు చెప్పుకుని ఏడాది వెళ్లిపోతుంది, ఏ రెండు నెలలూ ఒకే రుచి ఉండదు.

ఈ వరసలో అందరికంటే తొందరగా వచ్చి తొందరగా పోయేది చింతచిగురు. ఎండలు ముదిరి తొలకరి పడే మధ్యలో నాలుగు వారాలుంటే ఎక్కువ. చెట్టెక్కి కోసేవాళ్లు కావాలి, కోసింది సాయంత్రానికి వడలిపోతుంది, అందుకే పట్నం చేరేసరికి పిరం అవుతుంది. లేత గులాబీ రంగు వదలని చిగురైతే మంచిది, ఆకు ముదిరి పచ్చబడితే పీచు తగులుతుంది. తెచ్చాక కాస్త ఆరనిచ్చి, రెండు అరచేతుల మధ్య వేసి మెల్లగా నలపాలి. ఆకు పొడిపొడిగా రాలిపోతుంది, సన్నటి ఈనెలు చేతిలో మిగులుతాయి. అవి ఏరి పారేయాలి. కత్తిపీటకు ఇక్కడ పని లేదు. పుల్లటి వాసన వేళ్లకు పట్టుకుని చాలాసేపటిదాకా వదలదు.

ఈ ఒక్క చిగురు మూడు దారులు తొక్కింది. తెలంగాణలో మేకమాంసంలో పడింది, చింతచిగురు మాంసం అక్కడ ఆ కాలానికి పెద్ద విందు. కోస్తాలో ఎండురొయ్యలతో జత కట్టింది. శాకాహారుల ఇళ్లలో కందిపప్పులో ఉడికింది. ఇందులో ఎవరి వంట ఎవరికి తెలిసినా పక్కింటివాళ్లకు అది కొత్త వంటే. నెల్లూరి ఇంట్లో చింతచిగురు మాంసం వండుకున్నా, కరీంనగర్ ఇంట్లో ఎండురొయ్యలు వేసి చూసినా ఫోను తెరిచే పని ఉండదు. మిగిలిన చిగురును నీడలో ఆరబెట్టి, ఎండుమిర్చి, ధనియాలు, వెల్లుల్లితో వేయించి పొడి కొట్టుకుంటే వానాకాలమంతా వేడన్నంలోకి పనికొస్తుంది.

పుల్లటి పప్పు దగ్గర ఒక పాత నియమం ఉంది. పప్పు మెత్తగా ఉడికాకే పులుపు వెయ్యాలి. "ముందే వేస్తే పప్పు ఉడకదే" అని అమ్మమ్మలు కోడళ్లను హెచ్చరించేవారు. ఇది ఉత్త చాదస్తమని కుక్కరు వచ్చాక చాలామంది అన్నీ కలిపి ఒకేసారి పెట్టేస్తున్నారు. నిజానికి అమ్మమ్మల మాటే నిలబడుతుంది. పప్పు గింజలో కణాలను అంటిపెట్టుకుని పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. అది కరిగితేనే గింజ విచ్చుకుంటుంది. పుల్లటి నీళ్లలో పెక్టిన్ సరిగా కరగదు, అందుకే పప్పు పలుకుగా ఉండిపోతుంది. టమాటా పులుపు తక్కువ కనుక కుక్కరులో సర్దుకుపోయింది. వాక్కాయ, పచ్చి మామిడి, చింతచిగురు అలా సర్దుకోవు. కొత్తగా ప్రయత్నించినవాళ్లు "వాక్కాయ పప్పు మాకు కుదరలేదు" అనడానికి సగం కారణం ఇదే.

కాలాన్నిబట్టి వంట మార్చుకోవడం ఈనాటి మాట కాదనడానికి గట్టి సాక్ష్యం ఒకటుంది. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద కావ్యంలో విష్ణుభక్తుడైన విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాలను ఋతువులవారీగా వర్ణించాడు. వానాకాలం వంటకు కట్టెలు తడిసి పొగ వస్తుంది గదా, విష్ణుచిత్తుడి భార్య కొబ్బరిచిప్పలు మండించి వండుతుంది. అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, ధారాళంగా నెయ్యి. కూరగాయలు దొరకని వానరోజుల్లో ఎండాకాలంలో దాచిన వరుగులే కూర కావడం గమనించాలి. వేసవికి గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, మామిడి పిందెల ఊరగాయ, నీళ్ల మజ్జిగ. చలికాలానికి కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ముక్కు అదిరే ఆవపచ్చళ్లు, చెయ్యి కాలేంత వేడి నెయ్యి, పాలు.

ఎంత రాజుగారైనా వంటింటి పొగ గురించి ఆలోచించాడు, అదీ విశేషం. ఇంకో సంగతి. ఆ జాబితాలో ఘాటు మిరియానిది, ఆవపిండిది. మిరపకాయ జాడ లేదు. అదీ టమాటాలాగే అమెరికా నుంచి తర్వాత వచ్చింది. ఇవాళ గుంటూరు పేరు చెబితే మిరపే గుర్తొస్తుంది, మిరప లేని ఆవకాయను ఊహించలేం. ఒకప్పుడు కొత్తగా వేసి చూసినదే ఇప్పుడు సంప్రదాయమై కూర్చుంది. ఆవకాయలో ప్రయోగాలు ఆ తర్వాతా ఆగలేదు. ఆవపిండి వేడి చేస్తుందనుకున్నవాళ్లు దాని బదులు పెసరపిండి వేసి పెసరావకాయ పెట్టారు. కారం పడనివాళ్లు బెల్లం వేసి బెల్లం ఆవకాయ పెట్టారు. తెలంగాణలో అల్లం, వెల్లుల్లి చేరాయి. మొదట ఎవరింట్లో ఎవరు సాహసించారో చరిత్ర రాసుకోలేదు. ఆవకాయకు టెంక గట్టిపడ్డ కాయే కావాలి, పప్పులోకి మాత్రం టెంక కట్టని కాయ తేలిక. ఈ తేడా తెలియక చైత్రంలోనే ఊరగాయ పెట్టేసి, జాడీలో ముక్క మెత్తబడిందని వాపోయేవాళ్లు ఏటా ఉంటారు.

కార్తీకంలో వంతు ఉసిరిది. వనభోజనాల నాడు చెట్టు కింద కూర్చోవడంతో దాని గౌరవం అయిపోయిందనుకుంటారు గానీ, వంటింట్లో అది చేసే పని అంతకంటే ఎక్కువ. సి విటమిన్ నిమ్మకంటే ఉసిరిలో ఎన్నో రెట్లు. దాన్ని మూడు రోజులు ఉప్పులో ఊరనిచ్చి, గింజ తీసి తొక్కిన తొక్కు నల్లబడుతుంది. ఏడాదైనా చెడదు. అవసరమైనప్పుడల్లా కాస్త తీసి, మిరపకాయలతో నూరి పోపు పెట్టుకుంటారు. పచ్చి చింతకాయ తొక్కుదీ ఇదే తంతు. ఉప్పు, పసుపు వేసి దంచి, మూడో రోజు గింజలూ పీచూ తీసి జాడీకి ఎత్తుతారు. ఈ రెండు తొక్కులూ ఇంట్లో ఉంటే ఏ నెలలోనైనా రోటిపచ్చడికి లోటుండదు.

పులుపొక్కటే కాలం చెబుతుందని కాదు. చిత్తూరు ప్రాంతంలో చలికాలం వచ్చినట్టు గుర్తు పితకపప్పు. అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పైతొక్క వదిలి లోపలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని కబుర్లాడుతూ చెయ్యాల్సిన పని. ఒక్కరే చేస్తే మెడ పట్టేస్తుంది. ఆ పప్పుతో పెట్టిన పులుసు రాగిసంకటిలోకి దిగితే ఇక వేరే మాట ఉండదు.

చెట్టుకు కాయని పులుపు కూడా ఒకటుంది. అది పులిసిన పులుపు. అన్నం, గంజి వేసి కుండలో పులియబెట్టిన తరవాణి వేసవిలో ఎందరి కడుపులనో చల్లబరిచింది. రాగి అంబలి, మజ్జిగలో రాత్రంతా నానిన చద్దన్నం కూడా ఆ కోవలోవే. దోసెల పిండి కూడా కాలం మాటే వింటుంది. మే నెలలో ఆరేడు గంటలకే పొంగి గిన్నె అంచు దాటుతుంది, డిసెంబరులో పన్నెండు గంటలైనా బద్ధకంగా పడుకునుంటుంది. పుస్తకంలో "రాత్రంతా పులియబెట్టాలి" అని రాసి ఉంటే, ఏ నెల రాత్రి అని అడగాలి.

ఈ పులుపు లెక్క బాగా ఒంటబట్టించుకున్నది సముద్రాలు దాటినవాళ్లే అనిపిస్తుంది. అమెరికాలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా క్రాన్‌బెర్రీలు కోతకొస్తాయి. అక్కడివాళ్లు వాటితో పండగ విందుకు తియ్యటి సాస్ చేసుకుంటారు. తెలుగువాళ్లు నోట్లో వేసుకుని చూశారు. వాక్కాయ గుర్తొచ్చింది. అంతే, క్రాన్‌బెర్రీ పప్పు, క్రాన్‌బెర్రీ పులిహోర, ఆవపిండి పెట్టిన క్రాన్‌బెర్రీ పచ్చడి పుట్టుకొచ్చాయి. వేడి నూనెలో పడగానే ఆవాలకు పోటీగా అవీ టపటపా పేలుతాయి. వాటిలో పెక్టిన్ ఎక్కువ కనుక పచ్చడి చల్లారేసరికి దానంతటదే చిక్కబడుతుంది. కాలం దాటిపోతుందని సంచులు సంచులు కొని ఫ్రీజర్లో దాచుకునేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో, అమెరికాలో వసంతంలో వచ్చే రూబార్బ్ కాడలు గోంగూర బదులు పప్పులోకి వెళ్లాయి. అయితే ఒక జాగ్రత్త. రూబార్బ్‌లో కాడ మాత్రమే తినాలి, ఆకు విషం. ఆకుకూర అలవాటున్న చేతులు అక్కడే పొరబడే ప్రమాదం ఉంది.

ఆస్ట్రేలియా కథ ఇంకా బావుంటుంది. అక్కడ ఋతువులు తిరగబడి ఉంటాయి. సంక్రాంతికి నడివేసవి, మామిడి కాలం. ఉగాదికి శరదృతువు, ఆపిల్ కోతల కాలం. ఉగాది పచ్చడిలో మామిడి ముక్కల బదులు పుల్లటి ఆకుపచ్చ గ్రానీ స్మిత్ ఆపిల్ వేస్తే, ఇక్కడి చుట్టాలు నవ్వుతారు. నవ్వాల్సిన పని లేదు. ఆ ఆపిల్ రకం 1868 ప్రాంతంలో సిడ్నీ దగ్గర పుట్టింది, ఉగాది రోజులకే అక్కడ చెట్టు నుంచి దిగుతుంది. ఉగాది పచ్చడికి ఉండాల్సిన లక్షణం ఆ నేలలో ఆ కాలానికి వచ్చిన పులుపు ఉండడమే అయితే, ఆ పచ్చడిలో తప్పు పట్టడానికేమీ లేదు.

గిన్నె గురించి ఒక్క మాట. పుల్లటి వంటలకు పూర్వం రాచిప్ప వాడేవారు. రాతితో చేసిన గిన్నె కనుక పులుపు దాన్నేమీ చేయలేదు. దించాక కూడా పులుసు చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఇత్తడి గిన్నెలకు ఏటా కళాయి పోయించేది కూడా పులుపు భయంతోనే. ఇప్పుడు రాచిప్ప లేనివాళ్లు స్టీలు వాడవచ్చు. వాక్కాయ పప్పు గానీ, ఉసిరి తొక్కు గానీ అల్యూమినియం గిన్నెలో ఉంచేయడం మంచిది కాదు, లోహం పదార్థంలోకి దిగుతుంది.

వాక్కాయలు వానాకాలంలో రైతు బజార్లలో, వారపు సంతల్లో కనిపిస్తాయి. ఈసారి కనబడితే కిలో కొనొద్దు, పావుకిలో చాలు. చేతులకు కాస్త నూనె రాసుకుని కోయండి, లేకపోతే వాటి పాలు జిగురుగా వేళ్లకు పట్టుకుంటాయి. రెండు చెక్కలు చేసి, లోపలి గింజలు చాకు మొనతో తీసేసి, ఉప్పునీళ్లలో ఒకసారి కడగండి. కందిపప్పు విడిగా మెత్తగా ఉడికాక, పచ్చిమిర్చితో మగ్గించిన వాక్కాయ ముక్కలు కలిపి అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. మొదటిసారి గుప్పెడు ముక్కలే వేసి, రుచి చూసి, చాలకపోతే ఇంకో గుప్పెడు వేసుకోండి. ఎక్కువైన పులుపును వెనక్కి తీయడం కష్టం. వెల్లుల్లి పోపు, పక్కన ఊరమిరపకాయలు. టమాటా ఆ రోజు ఎంత ధరకున్నా సరే.